హాలు కొనలేదు, గుత్తకు తీసుకున్నారు!

నమస్తే. మా కడపలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒక మాట వినిపిస్తుంది: "ఆ హాలు ఫలానావాళ్లు కొనేశారంట కదా!" ఇది విన్నప్పుడల్లా నాకు చిరాకు. చాలాసార్లు ఎవరూ ఏమీ కొనలేదు. గుత్తకు తీసుకున్నారు, అంతే. ఈ తేడా తెలియకపోతే సినిమా హాళ్ల చైన్ ఎలా పెరుగుతుందో అర్థం కాదు.

సీమలో గుత్త గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. పొలం నాది, సేద్యం నీది. పండినా ఎండినా ఏడాదికి ఇంత అని ముందే మాట. కోరు అట్లా కాదు, పండినదాంట్లో వాటా. ఈ రెండు మాటలూ పట్టుకోండి, వీడియో అంతా వీటి మీదే నడుస్తుంది.

ఈమధ్య ఒక పాత హాలుకు బుధవారం ఫస్ట్ షోకు పోయాను. ఇంటర్వెల్‌లో మేనేజరు గదిలో కూర్చుంటే ఆయన డీసీఆర్ రాస్తున్నాడు, అదే రోజువారీ లెక్క పత్రం. బాల్కనీ గడిలో 9, కింది క్లాసు గడిలో 22. పెన్ను పక్కన పెట్టి, గోడ మీది స్విచ్‌బోర్డు వైపు చూసి, "ఏసీ తీసేద్దామంటే ఈ ముప్పై మంది కూడా రారు సార్" అన్నాడు.

ఇట్లాంటి హాలు ఓనరు దగ్గరికి చైన్ మనిషి వస్తాడు. అడ్వాన్సు ఇంత, నెలకు ఇంత, సీట్లు, సౌండు, రిపేర్లు మేం చూసుకుంటాం అంటాడు. ఓనరు పిల్లలు బెంగళూరులో ఉద్యోగాల్లో ఉంటారు, హాలు నడిపే ఓపిక ఎవరికీ ఉండదు. సంతకం పడుతుంది. పట్టా ఓనరు పేరు మీదే ఉంటుంది, హాలు నడిపేది మాత్రం గుత్తదారు. ఒక మల్టీప్లెక్సు కట్టే డబ్బుతో ఇట్లాంటివి ఎన్నో పట్టుకోవచ్చు. చైన్ పెరిగేది ఇట్లా. సిమెంటుతో కాదు, అగ్రిమెంటు కాగితాలతో.

మరి ఓనరుకు గిట్టనిది గుత్తదారుకు ఎట్లా గిడుతుంది? ఈ ప్రశ్న ఎవరూ అడగరు, నాకేమో ఇదే అన్నిటికంటే ముఖ్యం. జవాబు నీళ్లలో ఉంది. సుంకేసుల దగ్గర బయలుదేరిన కె.సి. కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ నీళ్లు కడప దాకా రావాలి. తూము పక్కన పొలం ఉన్నవాడికీ, చివరి ఆయకట్టు రైతుకూ నీళ్ల బాధ ఒకటేనా? కొత్త సినిమా కూడా కాలువ నీళ్లే. ఒక్క హాలు ఉన్న ఓనరు చివరి ఆయకట్టు రైతు. సంక్రాంతికి మూడు పెద్ద సినిమాలు పడితే తనకు ఏది దక్కుతుందో ఆయనకే తెలియదు. అదే ఇరవై హాళ్లు చేతిలో ఉన్నవాడు డిస్ట్రిబ్యూటర్‌తో, "కర్నూలు, ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, హిందూపురం, అన్నిచోట్లా డేట్లు నేనిస్తా" అనగలడు. పైగా ఏషియన్, సురేష్, దిల్ రాజు లాంటి పెద్ద సంస్థలకు పంపిణీ కూడా ఉంది, హాళ్లూ ఉన్నాయి. పొలం గుత్తకు తీసుకున్నవాడి చేతిలోనే తూము కూడా ఉందన్నమాట.

అన్నట్టు, సినిమావాళ్లు మన ప్రాంతాన్ని ఇప్పటికీ "సీడెడ్" అనే అంటారు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు కాబట్టి వచ్చిన పేరు అది. ఆ పేరు వద్దనే 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్నారు. కలెక్షన్ల పోస్టర్ మీద మాత్రం పాత పేరే. నాకు అది నచ్చదు, చెప్పాలనిపించింది.

సరే, కాలువ దగ్గరికి వద్దాం. రీళ్ల కాలంలో నీళ్లు వంతులవారీగా వచ్చేవి. ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకునేవి. ఇక్కడ ఒక రీలు అయిపోగానే కుర్రాడు మోపెడ్ మీద పెట్టుకుని రెండో హాలుకు పరుగు. చిన్న ఊళ్లకు సినిమా వారాల తర్వాత వచ్చేది. రీళ్లు లేకుండా డిజిటల్‌గా సినిమా పంపే క్యూబ్, యూఎఫ్ఓ వచ్చాక ఒకేరోజు అన్ని పొలాలకూ నీళ్లు. మంచిదే, కానీ పంట కూడా మొదటి మూడు రోజుల్లోనే వచ్చేసి అయిపోతోంది. వంద రోజుల సెంటర్లు లెక్కపెట్టుకున్న సీమలో ఇప్పుడు మూడో వారం పోస్టర్ కనిపిస్తే గొప్ప. మూడు రోజుల్లో పంట కోయాలంటే ఒకేసారి ఎక్కువ పొలాలు కావాలి, అవి ఉన్నది చైన్ దగ్గర.

(స్క్రీన్ మీద: 1974 – 2018)

ఇట్లా పెరిగిన చైన్ చివరికి ఏమవుతుందో చెన్నైని చూడండి. 1974లో తెరిచిన సత్యం హాలుతో మొదలై ఎస్‌పీఐ సినిమాస్‌గా 76 స్క్రీన్లు అయ్యాక, 2018లో పీవీఆర్ కొనేసింది. ఇది నిజంగా కొనడం! హైదరాబాద్‌లో దారి వేరు. ఏషియన్ వాళ్లు మహేష్ బాబుతో కలిసి 2018లో గచ్చిబౌలిలో ఏఎంబీ, అల్లు అర్జున్‌తో కలిసి 2023లో అమీర్‌పేటలో ఏఏఏ మల్టీప్లెక్సులు తెరిచారు.

టైమ్ అయిపోతోంది, కోరు సంగతి గబగబా చెప్పేస్తాను. ఇది డిస్ట్రిబ్యూటర్‌కూ హాలుకూ మధ్య లెక్క. మల్టీప్లెక్సులో వచ్చినదాంట్లో పర్సంటేజీ, అంటే కోరు. మన సింగిల్ స్క్రీన్లో ఎక్కువగా డిస్ట్రిబ్యూటర్ హాలుకు ఇచ్చే అద్దె, అంటే గుత్త. హాళ్లవాళ్ల బాధేమిటంటే, జనం వచ్చే మొదటి వారం డిస్ట్రిబ్యూటర్లు అద్దె ఇస్తారు, జనం తగ్గాక పర్సంటేజీ అంటారు. పండినప్పుడు గుత్త, ఎండినప్పుడు కోరు! ఏ రైతయినా ఒప్పుకుంటాడా? 2025 జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్న గొడవ దీని మీదే. మూసివేత ఆగింది, కమిటీ వేశారు. మొదటి రోజు నుంచీ కోరు ఉండాలని నేను గట్టిగా అంటాను. అప్పుడే ఒక్క హాలు ఉన్నవాడు నిలబడతాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, అదీ కొంత ఊరటే. పెద్ద హాలును రెండు మూడు స్క్రీన్లుగా విడగొట్టడం, క్యాంటీన్ లెక్కలు వచ్చే వీడియోలో.

ఆ బుధవారం హాలు ఓనరు దగ్గరికి ఇప్పటికే ఇద్దరు వచ్చి గుత్త మాట్లాడిపోయారంట. ఆయన ఇంకా సంతకం పెట్టలేదు.