చిన్న పోరాట రోబోకు స్ప్రింగు సుత్తి: వదిలే క్షణాన్ని బట్టే రూపకల్పన

గౌరవనీయులైన అధ్యాపకులకు, రోబోటిక్స్ క్లబ్బు విద్యార్థులకు నమస్కారం.

బ్రిటన్‌లో జరిగిన రోబోట్ వార్స్ పోటీల్లో టెరర్‌హర్ట్జ్ అనే భారీ రోబో తన గొడ్డలిని వాయుపీడనంతో ఆడించేది. ఈరోజు మన విషయం అంత పెద్దది కాదు. మూడు పౌండ్లు, అంటే సుమారు 1.36 కిలోలు మించని బీటిల్‌వెయిట్ తరగతిలో గాలి ట్యాంకు, వాల్వు, సిలిండరు అన్నీ ఇమిడించాక కవచానికి మిగిలే బరువు చాలా తక్కువ. అందువల్ల మోటారు నెమ్మదిగా కూడబెట్టిన శక్తిని ఒక్కసారిగా వదిలే స్ప్రింగు వైపు చూపు మళ్లుతుంది.

ముందుగా ఒక నిజాన్ని ఒప్పుకోవాలి. ఐదు సెంటీమీటర్ల వ్యాసార్ధం, 300 గ్రాముల బరువు ఉండి, ఆయుధంగా తిరిగే ఉక్కు చక్రం నిమిషానికి పదివేల చుట్లు తిరిగితే అందులో 200 జౌళ్లకు పైగా శక్తి ఉంటుంది. మనం కట్టబోయే సుత్తిలో ఉండేది 13 జౌళ్లకు లోపే. అయినా సుత్తిని ఎంచుకోవడానికి కారణం దెబ్బ పడే దిశ. బరువు ఆదా చేసుకోవడానికి చాలామంది పైరేకును పలచగా ఉంచుతారు. పైనుంచి పడే దెబ్బకు ప్రత్యర్థి పక్కకు ఎగిరిపోయి తప్పించుకోలేదు, ఎందుకంటే దాని కింద నేల ఉంది.

ఇక లెక్కలోకి వద్దాం. ఒక్కొక్కటి మిల్లీమీటరుకు రెండు న్యూటన్ల బిగువు గల రెండు సాగే స్ప్రింగులను, సుత్తి ఇరుసుకు 40 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న కొక్కేనికి తగిలించామనుకోండి. సుత్తిని ముందువైపు నుంచి వెనక్కి 170 డిగ్రీలు తిప్పితే స్ప్రింగులు దాదాపు 80 మిల్లీమీటర్లు సాగి, సుమారు 12.6 జౌళ్లను దాచుకుంటాయి. రాపిడి వగైరాలకు కొంత పోయి పది జౌళ్లు మిగిలినా, 150 మిల్లీమీటర్ల పొడవు, 50 గ్రాముల బరువు ఉన్న చేతి చివర 100 గ్రాముల తలను అమర్చితే, అది సెకనుకు 13 మీటర్ల వేగంతో దిగుతుంది.

ఈ అమరికలో నాకు బాగా నచ్చేది తిప్పుబలం మారే తీరు. 120 డిగ్రీల వద్ద అది అత్యధికంగా 8.3 న్యూటన్ మీటర్లకు చేరి, స్ప్రింగు గీత ఇరుసుకు దగ్గరవుతున్న కొద్దీ తగ్గుతూ, 170 డిగ్రీల వద్దకు వచ్చేసరికి 2.2 మాత్రమే ఉంటుంది. కొంత భాగానికే పళ్లున్న గేరుతో సుత్తిని వెనక్కి తిప్పి, పళ్లు లేని భాగం ఎదురైన చోట వదిలేసే పద్ధతిలో భారమంతా ఆఖరి పన్ను మీద పడుతుంది. భారం తగ్గిన చోట వదిలితే ఆ పన్ను బతుకుతుంది. ప్రతి చుట్టులో మళ్లీ వచ్చి తగిలే మొదటి పన్నును మాత్రం గట్టి ఉక్కుతో చేసి, కొస కొద్దిగా అరగదీయడం మేలు.

మరి సుత్తిని బిగించి ఉంచి, అదను చూసి వదలవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఇక్కడే చాలా డిజైన్లు నిబంధనల దగ్గర ఆగిపోతాయి. అమెరికాలోని చాలా పోటీల నియమాల ప్రకారం పెద్ద స్ప్రింగును రోబో తన సొంత శక్తితోనే, దూరం నుంచే బిగించాలి. బరి బయట అది బిగిసి ఉండకూడదు. రేడియో సంకేతం గానీ, కరెంటు గానీ పోతే దానంతట అది సురక్షిత స్థితికి రావాలి. మరలాంటి కడ్డీతో పళ్ల చక్రాన్ని తిప్పే వార్మ్ గేరును స్ప్రింగు సాధారణంగా వెనక్కి తిప్పలేదు గనుక, బ్యాటరీ ఊడినా సుత్తి బిగిసే ఉంటుంది, అంటే రోబోను తీయడానికి వంగిన మనిషి ముఖం ముందు అది ఎప్పుడైనా పేలవచ్చు. మధ్య చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే, వెనక్కి తిరగగల ప్లానెటరీ గేరును వాడితే కరెంటు పోయినప్పుడు స్ప్రింగే మోటారును వెనక్కి తిప్పుకుంటూ వదులవుతుంది. అలాగని సగం బిగించి మోటారుతోనే ఆపి ఉంచితే, కదలని మోటారు కరెంటును తాగి వేడెక్కుతుంది. అందుకే నా మొగ్గు సుత్తిని ఖాళీగా ఉంచి, మీట నొక్కినప్పుడే బిగించి వదలడం వైపు. స్ప్రింగుకు 7.5 వాట్లు అందించగల మోటారుకు ఇందుకు 1.7 సెకన్లు చాలు. ఆ ఆలస్యాన్ని ముందే లెక్కగట్టి రోబోను నడపడం డ్రైవరు నేర్చుకోవలసిన విద్య.

చట్రం సంగతి చాలామందికి ఆలస్యంగా తడుతుంది. సుత్తి ముందుకు విసురుకుంటే రోబో ముక్కు పైకి లేస్తుంది. గురుత్వ కేంద్రం నుంచి వెనుక ఆనే చోటుకు 80 మిల్లీమీటర్లే ఉంటే, దాన్ని నేలకు అదిమిపెట్టే తిప్పుబలం సుమారు ఒక న్యూటన్ మీటరు. స్ప్రింగుది దానికి ఎనిమిది రెట్లు. వెనక ఒక తోకను 150 మిల్లీమీటర్ల దాకా చాచితే ఆ బలం రెండుకు చేరుతుంది. ముక్కు అప్పటికీ లేస్తుంది, కానీ దెబ్బ గురి అంతగా తప్పదు. సుత్తి ఎవరికీ తగలక నేలను కొట్టినప్పుడు ఆ పది జౌళ్లు మన ఇరుసుకే తిరిగివస్తాయి గనుక, ఇరుసును కనీసం ఆరు మిల్లీమీటర్ల గట్టిపరచిన ఉక్కుతో చేసి, చేయి ఆగే చోట మందపాటి రబ్బరు దిమ్మ పెట్టాలి.

తొలి పరీక్షను పాలీకార్బొనేట్ పెట్టెలోనే జరపండి. సుత్తి చేతికి అడ్డంగా దూర్చే ఉక్కు చీలను, రోబోను బరిలోకి దించాకే, అందరికంటే ఆఖరున తీయండి. చీలను తీసే మనిషి చెయ్యి సుత్తి దిగే దారిలో కాకుండా పక్కనుంచి వెళ్లేలా ఆ చీల రంధ్రాన్ని డ్రాయింగులోనే గుర్తించి పెట్టుకోండి.