పాత కంప్యూటర్‌లో విండోస్ 11 ఎక్కుతుందా? ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేసింది. ఇంట్లో ఉన్న పాత సిస్టమ్‌కు విండోస్ 11 పడుతుందా లేదా అన్నదే ఈ రోజు విషయం. మొదటి ఫోన్ మల్కాజిగిరి నుంచి. చెప్పండమ్మా.

మల్కాజిగిరి శ్రోత: నమస్కారం అండి. ఇంట్లో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తాను. 2018లో సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అసెంబుల్ చేయించిన సిస్టమ్ మాది. మొన్న దగ్గర్లో ఒకాయనకు చూపిస్తే ‘దీనికి విండోస్ 11 రాదు, కొత్తది తీసుకోండి’ అన్నారు. ఇప్పుడు అంత డబ్బు పెట్టలేనండి. టెన్షన్‌గా ఉంది.

నిపుణుడు: టెన్షన్ వద్దమ్మా. ముందు చూద్దాం. సిస్టమ్ ఎదురుగానే ఉందా?

శ్రోత: ఆన్‌లోనే ఉందండి.

నిపుణుడు: విండోస్ గుర్తున్న మీట, ఆర్ కలిపి నొక్కండి. చిన్న పెట్టెలో ఎంఎస్ఇన్ఫో32 అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ చేయండి. ‘ప్రాసెసర్’ పక్కన ఏముంది?

శ్రోత: ఇంటెల్ కోర్ ఐ3, గీత, 8100.

నిపుణుడు: చాలా మంచిదమ్మా. గీత తర్వాతి మొదటి అంకె 8, అంటే ఎనిమిదో తరం. విండోస్ 11కి పనికొస్తాయని మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్రాసెసర్ల జాబితా ఇంటెల్‌లో దాదాపు అక్కడి నుంచే మొదలవుతుంది. మీ ప్రాసెసర్ అందులో ఉంది. అదే పేజీలో ‘బయోస్ మోడ్’ దగ్గర చూడండి. బయోస్ అంటే విండోస్ కంటే ముందు సిస్టమ్‌ను మేల్కొలిపే ప్రోగ్రామ్.

శ్రోత: లెగసీ అని ఉందండి.

నిపుణుడు: సరే, అది పాత పద్ధతి. విండోస్ 11కి యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి కావాలి, దాని సంగతి తర్వాత చెప్తాను. ఇంకోసారి ఆ రెండు మీటలు నొక్కి, టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని కొట్టండి. టీపీఎం అంటే విండోస్ 11 అడిగే భద్రతా భాగం.

శ్రోత: టీపీఎం దొరకలేదు అంటోంది. ఆయన కూడా ఇదే చూపించారు.

నిపుణుడు: చాలామంది ఇక్కడే మోసపోతారమ్మా. టీపీఎం అసలు లేకపోయినా, ఉండి ఆపేసి ఉన్నా ఈ తెర ఒకే మాట చెప్తుంది. మీ తరం ఇంటెల్ బోర్డుల్లో అది పీటీటీ పేరుతో బయోస్‌లో ఉంటుంది. అసెంబుల్ చేసిన సిస్టమ్‌లలో దాన్ని ఆన్ చేయకుండా వదిలేయడం మామూలే. ఏఎండీ వాళ్లకైతే ఎఫ్‌టీపీఎం అని వెతకాలి. ఆన్ చేశాక ఇదే తెరలో వెర్షన్ 2.0 అని కనిపించాలి.

శ్రోత: అయితే వెంటనే ఆన్ చేసెయ్యమంటారా?

నిపుణుడు: పీటీటీ ఆన్ చేయొచ్చు. కానీ లెగసీని యూఈఎఫ్ఐగా మాత్రం తొందరపడి మార్చొద్దు. ఈ మాట దయచేసి రాసుకోండి. లెగసీలో పెట్టిన డిస్క్ సాధారణంగా ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటుంది. బయోస్ ఒక్కటే మారిస్తే విండోస్ తెరుచుకోదు, డేటా అంతా పోయిందని మీరు బెంబేలెత్తిపోతారు. ముందు మీ నోట్సు, ఫొటోలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత డిస్క్‌ను యూఈఎఫ్ఐకి కావాల్సిన జీపీటీ అనే కొత్త పద్ధతిలోకి మార్చాలి. దానికి విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం ఉంది. మార్చే ముందు డిస్క్ అందుకు తగినదో కాదో కూడా అదే పరీక్షించి చెప్తుంది. అదయ్యాకే బయోస్‌లో యూఈఎఫ్ఐ. చేయి తిరిగినవాళ్లను పక్కన పెట్టుకోండి. ర్యామ్ ఎంత?

శ్రోత: 4 జీబీ. పాత హార్డ్ డిస్కే.

నిపుణుడు: 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉంటే చాలని నిబంధన. ఎక్కుతుంది గానీ నత్తనడక నడుస్తుంది, పిల్లలు ఎదురుగా ఉంటే మీకే విసుగొస్తుంది. ర్యామ్ 8 జీబీ చేసి, హార్డ్ డిస్క్ బదులు దానికంటే వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఆ డబ్బు దండగ కాదు. చివరగా మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ ఉచితమే, ఒకసారి నడపండి. ఏది తక్కువైందో పేరు పెట్టి చెప్తుంది.

శ్రోత: చాలా సంతోషమండి. ఈ సిస్టమ్‌ను తీసేయాల్సి వస్తుందేమో అనుకున్నాను.

వ్యాఖ్యాత: అశోక్‌నగర్ నుంచి ఒక తమ్ముడు.

అశోక్‌నగర్ శ్రోత: నమస్తే సార్. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. నా ల్యాప్‌టాప్ కూడా 2018లోదే. ఐ5, 7200యూ.

నిపుణుడు: ఏడో తరం తమ్ముడూ. నీ ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 ఉన్నా సరే, ఆ ప్రాసెసర్ జాబితాలో లేదు. కొన్న ఏడాది ఒకటే అయినా లోపల చిప్ వేరు.

శ్రోత: విండోస్ 11 చేసే ఈ తనిఖీని దాటేసే పద్ధతి ఉందని వీడియోలో చూశాను సార్.

నిపుణుడు: ఉంది, ఎక్కించినవాళ్లూ ఉన్నారు. కానీ అలాంటి సిస్టమ్‌కు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. పరీక్షల ముందు నీకు ఆ రిస్క్ వద్దు. విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 ఉంటే, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఈఎస్‌యూ అనే పొడిగింపులో చేరొచ్చు. సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ప్రకటించారు. నీ పని ఏమిటి, క్లాసులు, పీడీఎఫ్‌లేనా?

శ్రోత: అంతే సార్. అప్పుడప్పుడు అప్లికేషన్లు నింపడం, ప్రింట్లు.

నిపుణుడు: అయితే విండోస్ బదులు వాడే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చూడు. ఉచితం. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, విండోస్‌ను కదపకుండానే అనుభవం చూసుకోవచ్చు. వైఫై దొరుకుతోందా, క్లాసు వీడియోలో శబ్దం వస్తోందా, ప్రింటర్ పలుకుతోందా, తెలుగు టైపింగ్ కుదురుతోందా అని రెండు రోజులు వాడు. నచ్చితేనే ఇన్‌స్టాల్ చెయ్యి.

శ్రోత: 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంది సార్, సరిపోతుందా? అందులో నోట్సు ఉన్నాయి.

నిపుణుడు: సరిపోతుంది. కానీ మింట్ ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. నోట్సు ఈ రాత్రే వేరేచోట దాచుకో, ఆ తర్వాతే మొదలుపెట్టు.