ఆరున్నర అడుగుల డిఫెన్స్‌మన్: డ్రాఫ్ట్‌కు ముందు ఏం చూడాలి

ముందుగా రెండు పేర్లు. బోరిస్ వాలాబిక్, జ్డేనో చారా. ఇద్దరూ స్లొవేకియా వాళ్ళే, ఇద్దరూ ఐస్ హాకీలో డిఫెన్స్‌మన్లే (వెనక ఉండి గోల్‌ను కాపాడే ఆటగాళ్ళు), ఇద్దరూ గుమ్మం దగ్గర తల వంచి లోపలికి రావలసిన మనుషులే. వాలాబిక్ 6 అడుగుల 7 అంగుళాలు. చారా 6 అడుగుల 9 అంగుళాలు. 2004లో, ఉత్తర అమెరికా అగ్రశ్రేణి లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోని జట్లు కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, అట్లాంటా థ్రాషర్స్ వాలాబిక్‌ను 10వ స్థానంలో ఎంచుకుంది. ఆ లీగ్‌లో అతను ఆడినవి 80 మ్యాచ్‌లు, కొట్టిన గోల్స్ సున్నా. చారాను న్యూయార్క్ ఐలాండర్స్ 1996లో మూడో రౌండ్‌లో, 56వ స్థానంలో తీసుకుంది. ఆడినవి 1,680 మ్యాచ్‌లు. డిఫెన్స్‌మన్లలో అన్ని మ్యాచ్‌లు ఆడినవారు ఇంకొకరు లేరు.

పొడుగు ఇద్దరికీ ఉంది. మరి తేడా ఎక్కడ వచ్చింది? పదిహేడేళ్ళ కుర్రాడిని చూసి ఆ తేడాను ఎంతవరకు పసిగట్టగలం? ఈ వీడియో మొత్తం దాని గురించే. టొరంటోలోనో ఎడ్మంటన్‌లోనో ఉంటూ ఐస్ హాకీ మరిగిన మనవాళ్ళకు డ్రాఫ్ట్ సంగతి కొత్త కాదు కాబట్టి ప్రాథమిక విషయాలు ఒక్క ముక్కలో ముగిస్తాను. 32 జట్లు, ఏడు రౌండ్లు, మొత్తం 224 ఎంపికలు. ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. అంతే.

[తెర మీద: జూనియర్ మ్యాచ్ దృశ్యం, బోర్డుల దగ్గర పెద్ద ఢీ]

ఇదిగో, హైలైట్ వీడియోల్లో మొదట కనిపించేది ఇదే. వంద కిలోల కుర్రాడు డెబ్భై కిలోల పదహారేళ్ళ పిల్లవాడిని రింక్ చుట్టూ ఉండే బోర్డులకేసి అదిమేస్తాడు. స్టేడియం ఊగిపోతుంది. నా మాట విని ఇలాంటి దృశ్యాలన్నీ పక్కన పెట్టండి. ఇవాళ ఇతనికి దొరికిపోతున్న పిల్లవాడు రేపు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎదురుపడడు. అక్కడ ఎదురుపడేది ఇరవై ఏడేళ్ళ మనిషి, ఇతను వచ్చేలోపే పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ) వదిలేసి పక్కకు తప్పుకుంటాడు. 2010లో న్యూయార్క్ రేంజర్స్ 10వ స్థానంలో డిలన్ మెక్‌ఇల్రాత్‌ను తీసుకుంది. 6 అడుగుల 5 అంగుళాలు, జూనియర్‌లో అందరూ భయపడే ఆటగాడు. ఆ తర్వాతి పదేళ్ళలో ఎన్‌హెచ్‌ఎల్‌లో వంద మ్యాచ్‌లు కూడా ఆడలేదు. అదే డ్రాఫ్ట్‌లో 12వ స్థానంలో క్యామ్ ఫౌలర్, 16వ స్థానంలో వ్లాదిమిర్ తరసెంకో ఇంకా మిగిలే ఉన్నారు. తరసెంకో తర్వాత వరుసగా ఐదు సీజన్లు ముప్ఫైకి పైగా గోల్స్ కొట్టాడు. రేంజర్స్ అభిమానుల ముందు ఈ ప్రస్తావన తేకపోవడం మర్యాద.

ఇప్పుడు పాదాలకు వద్దాం. పొడుగు కుర్రాడి స్కేటింగ్ అనగానే అందరూ వేగం గురించే మాట్లాడతారు. తిన్నగా వెళ్ళే వేగం అసలు సమస్యే కాదు. కాళ్ళు పొడుగు, ఒక్కో అంగ పెద్దది, ఒకసారి ఊపందుకుంటే రింక్‌లో ఎవరినైనా అందుకుంటాడు. చిక్కంతా మొదటి మూడు అడుగుల్లోనూ, వెనక్కి స్కేట్ చేస్తున్నవాడు ముందుకు తిరిగే ఆ ఒక్క క్షణంలోనూ ఉంటుంది.

[తెర మీద: రింక్ బొమ్మ, బ్లూ లైన్ దగ్గర ఇద్దరు ఆటగాళ్ళు]

ఈ బొమ్మ చూడండి. ప్రత్యర్థి వింగర్ (పక్కల నుంచి దాడి చేసే ఆటగాడు) బోర్డుల వెంబడి పక్‌తో దూసుకొస్తున్నాడు. మన కుర్రాడు అతనికి ఎదురుగా ఉండి వెనక్కి స్కేట్ చేస్తున్నాడు. ఇద్దరి మధ్య దూరం ఒకటిన్నర స్టిక్ అనుకుందాం. వింగర్ ఒక్కసారిగా బయటి వైపుకు వేగం పెంచాడు. ఇప్పుడు డిఫెన్స్‌మన్ నడుము తిప్పాలి. వీడియోను సగం వేగానికి తగ్గించి అక్కడే ఆపండి. మొదట మోకాళ్ళు చూడండి. వంగి ఉన్నాయా, నిటారుగా ఉన్నాయా? ఇంత పొడుగు మనిషికి బరువంతా పైనే ఉంటుంది. మోకాళ్ళు నిటారుగా ఉంటే తనకంటే ఇరవై కిలోలు తక్కువ ఉన్నవాడు భుజం ఆనించినా తూలిపోతాడు. తర్వాత, తిరగడం ఒకే కదలికలో జరిగిందా, లేక ముందు నిలబడి, రెండు మూడు చిన్న అడుగులు తడబడి, అప్పుడు తిరిగాడా? ఆ తడబాటు అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో వింగర్ గోల్‌కీపర్ ముందు ఉంటాడు. ఇక చివరగా, జెర్సీ వెనక ఉన్న అంకె. తిరిగేటప్పుడు ఆ అంకె పక్ వైపుకు వచ్చిందంటే కుర్రాడు తప్పు వైపుకు తిరిగాడని అర్థం, ఒక క్షణం పాటు ఆటను చూడటమే మానేశాడు. ఒక్కసారి జరిగితే వదిలేయండి. ఒకే మ్యాచ్‌లో పదే పదే కనిపిస్తే రాసుకోండి.

పాదాల లోటును కొంతవరకు చేతులు పూడ్చగలవు. స్టిక్ పొడవు 63 అంగుళాలు దాటకూడదని ఎన్‌హెచ్‌ఎల్ నియమం. 6 అడుగుల 6 అంగుళాలు, అంతకు మించి ఉన్నవారు అడిగితే 65 వరకు మినహాయింపు ఇస్తారు. దానికి తోడు ఆ పొడుగు చేతులు. చారా ఎదుట ఖాళీ ఉందనుకుని పాస్ ఇచ్చినవారికి ఆ ఖాళీ లేదని ఆలస్యంగా తెలిసేది. అయితే పొడుగు స్టిక్ ఉన్న ప్రతివాడికీ దాన్ని వాడటం రాదు. పక్ మన కుర్రాడి దగ్గర లేనప్పుడు స్టిక్ చివర ఎక్కడ ఉందో గమనించండి. మంచు మీద, పాస్ వెళ్ళే దారిలో ఆనించి ఉంచాడా? లేక నడుము ఎత్తున గాలిలో ఆడిస్తూ, వింగర్ దగ్గరకు రాగానే ఒంటిచేత్తో విసురుతున్నాడా? రెండో రకం వాడికి పెనాల్టీలు తప్పవు.

ఇక్కడ మళ్ళీ వాలాబిక్ దగ్గరకు వెళ్ళాలి. అతను ఎంపికైంది 2004 జూన్‌లో. మరుసటి సీజన్ యజమానుల లాకౌట్ వల్ల అసలు జరగనే లేదు. 2005లో లీగ్ తిరిగి మొదలైనప్పుడు, స్టిక్‌తో లాగడం, చేత్తో పట్టి ఆపడం వంటివాటికి రెఫరీలు వెంటవెంటనే పెనాల్టీలు ఇవ్వడం మొదలుపెట్టారు. మంచు మీద గీసిన రెండు లైన్లు దాటే పొడవాటి పాస్‌కు కూడా అనుమతి వచ్చింది. అంతకు ముందు పెద్ద మనిషి పాదాలు నెమ్మదైనా, చేయి అడ్డం వేసి నెగ్గుకొచ్చేవాడు. ఆ చాటు పోయింది. వాలాబిక్ నిలదొక్కుకోలేకపోవడానికి కారణం అదొక్కటే అనను. కానీ అతన్ని 10వ స్థానానికి తెచ్చిన లెక్క పాత ఆటకు వేసిన లెక్క.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేసే చోటు. ప్రత్యర్థి పక్‌ను మన మూలకు విసిరేశాడు, మన డిఫెన్స్‌మన్ దాన్ని తెచ్చుకోవడానికి వెనక్కి పరుగెత్తాడు. వెనక ఒకడు తరుముతున్నాడు. చాలామంది ఇక్కడ పక్‌ను చూస్తారు. మీరు కుర్రాడి తలను చూడండి. పక్ చేరేలోపు భుజం మీదుగా ఎన్నిసార్లు వెనక్కి చూశాడు? రెండుసార్లు చూసినవాడికి, వచ్చేవాడు ఏ వైపు నుంచి వస్తున్నాడో, తన సహచరుడు ఎక్కడ ఖాళీగా ఉన్నాడో పక్ ముట్టుకునే ముందే తెలుసు. ముట్టగానే పాస్ వెళ్ళిపోతుంది. ఒక్కసారీ చూడనివాడు పక్ దగ్గర ఆగి, తల ఎత్తి, అప్పుడు ఆలోచన మొదలుపెడతాడు. ఆలోచన పూర్తయ్యేలోపు మీద పడతారు. కొందరు ఈ బాధ లేకుండా ప్రతిసారీ బోర్డుల పైన ఉండే అద్దాలకేసి బాది పక్‌ను తమ వైపు నుంచి బయటకు పంపేస్తారు. అది సురక్షితంగా కనిపిస్తుంది, కోచ్ కూడా తిట్టడు. కానీ ప్రతి బాదుడూ పక్‌ను ప్రత్యర్థికి అప్పగించడమే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పాదాలు బాగుపడతాయి. చూపు అంతగా బాగుపడదు. చాలామంది స్కౌట్లు (జట్ల కోసం కుర్రాళ్ళను చూసి అంచనా వేసేవాళ్ళు) దీన్ని తలకిందులుగా తూచి, కాళ్ళు తడబడే తెలివైనవాడిని జాబితాలో కిందికి తోసి, చురుగ్గా కదిలే అయోమయపు కుర్రాడిని పైకి ఎత్తుతారు.

చారానే తీసుకోండి. చిన్నప్పుడు ట్రెంచిన్‌లో అతన్ని చూసి ఇంత పొడుగు వాడికి హాకీ ఎందుకు, బాస్కెట్‌బాల్ ఆడుకోమన్నారు. తండ్రి జ్డెనెక్ చారా 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పోటీపడిన గ్రీకో రోమన్ మల్లయోధుడు. కసరత్తు విషయంలో ఆ ఇంట్లో రాజీ లేదు. అయినా ఐలాండర్స్ తరఫున నాలుగు సీజన్లు, 231 మ్యాచ్‌లు ఆడి ఆరే గోల్స్ కొట్టాడు. 2001లో అలెక్సీ యాషిన్ కోసం ఐలాండర్స్ అతన్ని ఒట్టావాకు ఇచ్చేసింది. చారాతో పాటు బిల్ మకాల్ట్‌నూ, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికనూ కూడా ఇచ్చింది. ఆ ఎంపికతో ఒట్టావా జేసన్ స్పెజ్జాను తీసుకుంది. యాషిన్‌కు పదేళ్ళ కాంట్రాక్టు రాసిచ్చి, 2007లో డబ్బు కట్టి వదిలించుకున్నారు. వ్యాపారం అంటే ఇలా ఉండకూడదు. ఒట్టావాలో మొదటి సీజన్‌లోనే చారా పది గోల్స్ కొట్టాడు. 2009లో ఉత్తమ డిఫెన్స్‌మన్‌కు ఇచ్చే నోరిస్ ట్రోఫీ అందుకునేనాటికి 32 ఏళ్ళు. డ్రాఫ్ట్ అయిన పదమూడేళ్ళకు. 2011లో బోస్టన్ కెప్టెన్‌గా స్టాన్లీ కప్ ఎత్తాడు. పెద్ద శరీరం ఒక కొలిక్కి రావడానికి పట్టే కాలం అది. ఎంపిక చేసిన జట్టుకు ఆ ఓపిక లేకపోతే పంట పక్కవాడి గాదెకు చేరుతుంది.

అందరికీ అంత కాలం పడుతుందని కాదు. 6 అడుగుల 8 అంగుళాల టైలర్ మైయర్స్‌ను బఫలో 2008లో 12వ స్థానంలో తీసుకుంది. 2009-10లో తొలి సీజన్‌లోనే 48 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపి), ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే కాల్డర్ ట్రోఫీ. ఆ 48ని తర్వాత మళ్ళీ అందుకోలేదు. అయినా వెయ్యి మ్యాచ్‌లు దాటాడు. 12వ ఎంపికకు ఇది నష్టమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పాయింట్ల గురించి ఒక మాట. అంటోన్ సిలాయెవ్, 6 అడుగుల 7 అంగుళాలు, 2023-24లో పదిహేడేళ్ళ వయసులో రష్యాలోని కేహెచ్‌ఎల్‌లో 63 మ్యాచ్‌లాడి 11 పాయింట్లు చేశాడు. అంకె చూస్తే తక్కువే. కానీ అది పెద్దవాళ్ళ లీగ్. న్యూజెర్సీ అతన్ని 2024లో 10వ స్థానంలో తీసుకుంది. కాబట్టి పాయింట్లు చూసేముందు, ఎవరి మీద ఆడాడు, ఆఖరి రెండు నిమిషాల్లో ఒక గోల్ ఆధిక్యం ఉన్నప్పుడు కోచ్ ఇతన్ని మంచు మీదకు పంపాడా, బెంచీ మీద కూర్చోబెట్టాడా అన్నది చూడండి. కోచ్‌కు మనకన్నా ఎక్కువ తెలుసు.

డ్రాఫ్ట్‌కు ముందు బఫలోలో జరిగే కంబైన్ అనే శారీరక పరీక్షల మీద ఎక్కువ సమయం వృథా చేయకండి. అదంతా జిమ్‌లో, సైకిల్ మీద. స్కేట్లు తొడిగే పనే లేదు. పొడుగు చేతులవాడు పుల్ అప్స్ తక్కువ తీస్తాడు, అందులో వింతేమీ లేదు. పుట్టిన తేదీ మాత్రం తప్పకుండా చూడండి. ఒకే డ్రాఫ్ట్‌లో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళ మధ్య దాదాపు ఏడాది తేడా ఉండవచ్చు. పొడుగు ఎప్పుడు వచ్చిందో కూడా కనుక్కోండి. కోల్టన్ పరైకో ఆలస్యంగా పెరిగాడు. మొదటి అవకాశంలో ఎవరూ తీసుకోలేదు, మరుసటి ఏడాది 2012లో సెయింట్ లూయిస్ 86వ స్థానంలో తీసుకుంది. ఇప్పుడు 6 అడుగుల 6 అంగుళాలు, 2019 స్టాన్లీ కప్ గెలిచిన జట్టులో కీలక డిఫెన్స్‌మన్. చిన్నగా ఉన్నప్పుడు పక్‌తో ఆడటం నేర్చుకున్నవాడు పొడుగయ్యాక ఆ విద్య మరచిపోడు. పన్నెండేళ్ళ నుంచే అందరికంటే పెద్దగా ఉన్నవాడికి అది నేర్చుకునే అవసరమే రాకపోవచ్చు.

ఇక నివేదిక రాద్దాం. ఊహకు ఒక కుర్రాడు: 6 అడుగుల 6 అంగుళాలు, ఆగస్టులో పుట్టాడు, రెండేళ్ళలో బాగా పెరిగాడు. తిరిగేటప్పుడు తడబడతాడు, మోకాళ్ళు సగమే వంగుతాయి. స్టిక్ మంచు మీదే ఉంటుంది. మూలకు వెళ్ళే ప్రతిసారీ రెండుసార్లు వెనక్కి చూస్తాడు, పాస్ చాలావరకు సహచరుడి స్టిక్‌కే చేరుతుంది. షాట్ బలమైనదే, కానీ స్టిక్ ఎత్తి దించేలోపు ఎవరో అడ్డం వస్తారు. ఇతనికి నేను రెండో రౌండ్ రాస్తాను, నాలుగేళ్ళు ఆగమని పక్కన రాస్తాను. ఇవే పాదాలతో ఒక్కసారీ వెనక్కి చూడని ఇంకొక కుర్రాడు ఉంటే, ఎన్ని పెద్ద ఢీలు కొట్టినా ఆరో రౌండ్ దాకా పేరెత్తను. మీరు చూసిన కుర్రాడికి రౌండ్ వేసేటప్పుడు మొదటి రౌండ్ అని రాయాలనిపిస్తే, అతని పొడుగు ఉన్న గడిని చేత్తో మూసి, మిగతా నివేదిక మళ్ళీ చదవండి. అప్పటికీ మొదటి రౌండే అనిపిస్తే రాసేయండి.