బేరింగ్‌తో మొదలుపెట్టండి: విద్యార్థుల రోబో వర్క్‌షాప్‌లో డిజిటల్ కొలత పరికరాలు

వ్యాఖ్యాత: నమస్కారం. రోబోలు తయారుచేసే విద్యార్థి బృందాల కోసం నడుపుతున్న ఈ పాడ్‌కాస్ట్‌లో ఇవాళ కొలత పరికరాల గురించి మాట్లాడుకుందాం. ఇంజనీరింగ్ కళాశాల వర్క్‌షాప్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తూ, దూరదర్శన్ రోబోకాన్ పోటీకి పిల్లలను సిద్ధం చేస్తున్న మా మాస్టారు మనతో ఉన్నారు. లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ యంత్రం ముందు ఎలా నిలబడాలో నాకు నేర్పింది ఆయనే. మాస్టారూ, స్వాగతం.

అతిథి: నమస్కారం అమ్మా. నువ్వు ఈ విషయం ఎంచుకున్నందుకు చాలా సంతోషంగా ఉంది. మోటార్ల గురించీ ప్రోగ్రామింగ్ గురించీ అందరూ అడుగుతారు కానీ, కొలత గురించి అడిగేవాళ్లు తక్కువ. మా వర్క్‌షాప్‌లో వృథా అయిన అల్యూమినియంలో ఎక్కువ భాగం తప్పుగా కోసినందువల్ల పోలేదు, తప్పుగా కొలిచి సరిగ్గా కోసినందువల్ల పోయింది.

వ్యాఖ్యాత: ఇంటర్ ప్రాక్టికల్స్‌లో దవడల మధ్య పట్టి కొలిచే వెర్నియర్, మర తిప్పి కొలిచే స్క్రూ గేజ్ పట్టుకోని సైన్సు విద్యార్థి ఉండడు కదా మాస్టారూ. మరి వర్క్‌షాప్‌కు వచ్చాక ఎక్కడ తడబడుతున్నారు?

అతిథి: ఇంటర్‌లో రికార్డు రాసేటప్పుడు లీస్ట్ కౌంట్, అంటే పరికరం చూపగల అతి చిన్న కొలత, లెక్క కట్టి, దవడలు మూసినా సున్నా రాని తేడా, అంటే జీరో ఎర్రర్, చూసి, దాన్ని కలపాలో తీసేయాలో నిర్ణయించుకున్న తర్వాతే కొలత రాసేవాళ్లం. డిజిటల్ వెర్నియర్ చేతికి రాగానే ఆ పని మొత్తం యంత్రమే చేసిపెడుతుందని పిల్లలు అనుకుంటారు. తెర మీద 0.01 మిల్లీమీటరు వరకు అంకె కనిపిస్తుంది కాబట్టి కొలత కూడా అంత ఖచ్చితమని నమ్ముతారు. మంచి కంపెనీ తయారుచేసిన 150 మిల్లీమీటర్ల వెర్నియర్ కూడా సాధారణంగా 0.02 అటూ ఇటూ తేడా ఉండవచ్చని తన కాగితంలోనే చెబుతుంది. చూపించగలిగే అంకె వేరు, నమ్మదగిన అంకె వేరు. జీరో ఎర్రర్ ఎక్కడికీ పోలేదమ్మా, రికార్డులో దాని గడి మాత్రమే పోయింది.

వ్యాఖ్యాత: మీ బృందానికే ఒకసారి అలా జరిగిందని ఫోన్‌లో అన్నారు.

అతిథి: జరిగింది, అది నా కళ్ల ముందే జరిగింది కాబట్టి ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఒక పాత గేర్‌బాక్స్ ప్లేటుకు నకలు తయారుచేయాల్సి వచ్చింది. గేర్లు తిరిగే రెండు ఇరుసుల, అంటే షాఫ్టుల, మధ్య దూరం తెలియాలి. ఇద్దరు పిల్లలు రెండు షాఫ్టులనూ వెర్నియర్ దవడల మధ్య పట్టి బయటి కొలత తీసుకుని, అందులోంచి షాఫ్టు వ్యాసం 8 మిల్లీమీటర్లు తీసేశారు. 39.70 వచ్చింది. అదే డ్రాయింగులో పెట్టారు, ప్లేటు లేజర్ కటింగుకు వెళ్లింది. తిరిగి వచ్చాక బిగిస్తే గేర్లు తిరగడం లేదు, మోటారు మాత్రం కాలిపోతోంది. విషయం ఏమిటంటే, ఆ ఉదయం దవడల మధ్య అల్యూమినియం రజను ఇరుక్కుని ఉండగా ఎవరో జీరో బటన్ నొక్కారు. ఆ రజను మందం 0.3 మిల్లీమీటరు. అప్పటినుంచి ఆ రోజు తీసిన ప్రతి కొలతా 0.3 తక్కువే వచ్చింది.

వ్యాఖ్యాత: ముందే పట్టుకునే దారి ఏదైనా ఉందా?

అతిథి: రెండు దారులు ఉన్నాయి. మొదటిది లెక్క. ఆ గేర్ల పళ్ల పరిమాణం చెప్పే అంకె, అంటే మాడ్యూల్, 1; ఒకదానికి 20 పళ్లు, ఇంకోదానికి 60. రెండింటినీ కూడి సగం చేస్తే 40, కాబట్టి షాఫ్టుల మధ్య దూరం 40 మిల్లీమీటర్లు ఉండి తీరాలి. లెక్క చెప్పినదానికీ వెర్నియర్ చెప్పినదానికీ పొంతన లేనప్పుడు పని ఆపి కారణం వెతకాలి. రెండోది కొలిచే పద్ధతి. ముందు ఒక షాఫ్టును దవడల మధ్య పట్టి, అక్కడే జీరో బటన్ నొక్కాలి. తర్వాత అదే బయటి దవడలతో రెండు షాఫ్టులనూ కలిపి పట్టుకుంటే, షాఫ్టులు ఒకే వ్యాసానివైతే, తెర మీద కనిపించేది నేరుగా వాటి కేంద్రాల మధ్య దూరమే అవుతుంది. తీసివేత అవసరం లేదు. అంతకంటే మేలేమిటంటే, దవడల మధ్య ఏ పాత తేడా ఉన్నా అది రెండు కొలతల్లోనూ సమానంగా ఉండి రద్దయిపోతుంది. రంధ్రాలకూ ఇదే పద్ధతి, కాకపోతే పైనున్న లోపలి దవడలు వాడి, మొదటి రంధ్రం వ్యాసం దగ్గర జీరో చేసి, తర్వాత రెండు రంధ్రాల దూరపు అంచులను కొలవాలి.

వ్యాఖ్యాత: నేను ఆన్‌లైన్‌లో కొన్న వెర్నియర్ ఒకటి తెచ్చాను. దీన్ని నమ్మవచ్చో లేదో ఇక్కడే చూసి చెప్పగలరా?

అతిథి: చూద్దాం, నా జేబులో ఈ బేరింగ్ ఎప్పుడూ ఉంటుంది. ఇది 608 నంబరు బేరింగ్. స్కేటింగ్ చక్రాల్లో ఉండేది ఇదే, మీ రోబోల్లోనూ చాలాచోట్ల ఉంటుంది. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22, వెడల్పు 7. పేరున్న కంపెనీ బేరింగ్ అయితే బయటి వ్యాసం 22 కంటే పెరగదు, తగ్గినా 0.009 మిల్లీమీటరుకు మించి తగ్గదు. వర్క్‌షాప్‌లో కొలత పరికరాలను సరిచూసే ఖచ్చితమైన ఉక్కు దిమ్మెలు, అంటే గేజ్ బ్లాకులు, కొనే స్తోమత లేని బృందానికి, తక్కువ ధరకు దొరికే ఈ చిన్న ఉక్కు చక్రమే గేజ్ బ్లాకు. ఇదిగో, నీ వెర్నియర్ దీన్ని ఎంత చూపిస్తోంది?

వ్యాఖ్యాత: 21.96 అంటోంది మాస్టారూ.

అతిథి: ఇప్పుడు దవడలు దగ్గరకు తెచ్చి, వాటి మధ్య ఒక తెల్ల కాగితం పెట్టి మెల్లగా మూసి, కాగితాన్ని లాగు. చూశావా, కాగితం మీద నల్లటి గీత పడింది. అది పాత నూనె, దుమ్ము. మళ్లీ ఒకసారి అలాగే చేసి, దవడలు మూసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని మధ్యలో కాంతి కనిపించడం లేదని చూసుకుని, అప్పుడు జీరో నొక్కు. ఇప్పుడు బేరింగ్‌ను కొలువు. దవడల కొసల దగ్గర కాదు, లోపలికి, స్కేలుకు దగ్గరగా పెట్టు.

వ్యాఖ్యాత: 21.99 వచ్చింది. మరోసారి కూడా 21.99.

అతిథి: ఇక దీనితో నిశ్చింతగా పనిచేసుకోవచ్చు. కొసల దగ్గర పెట్టవద్దని ఎందుకన్నానంటే, వెర్నియర్‌లో స్కేలు ఒక గీత మీద ఉంటుంది, మనం కొలిచే వస్తువు దానికి పక్కగా ఇంకో గీత మీద ఉంటుంది. గట్టిగా నొక్కితే జారే దవడ కొద్దిగా వాలుతుంది, వస్తువు స్కేలుకు ఎంత దూరంగా ఉంటే ఆ వాలు అంత పెద్ద తప్పుగా మారుతుంది. ఎర్నెస్ట్ ఆబె అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ సూత్రాన్ని 1890లో చెప్పారు. స్క్రూ గేజ్‌లో స్కేలూ వస్తువూ ఒకే గీత మీద ఉంటాయి, పైగా కొసన టిక్ టిక్ మంటూ జారే పిడి, అంటే రాచెట్, ఒత్తిడిని అదుపు చేస్తుంది కాబట్టి అది వెర్నియర్ కంటే నమ్మదగినది, డిజిటల్ రకం 0.001 మిల్లీమీటరు వరకు చూపిస్తుంది. అయినా విద్యార్థుల రోబోకు స్క్రూ గేజ్ అవసరమయ్యే సందర్భాలు తక్కువే. షాఫ్టును బేరింగ్‌లో బిగుతుగా దిగేలా లేత్ మీద తిప్పేటప్పుడు మాత్రం అది చేతిలో ఉండాలి.

వ్యాఖ్యాత: మన ఎండలకు కొలతలు మారతాయా? మే నెలలో విజయవాడ వర్క్‌షాప్‌ల వేడి మీకు తెలియంది కాదు.

అతిథి: మారతాయి, అందుకే కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద చెప్పుకోవాలని ప్రపంచమంతా ఒప్పుకుంది. అల్యూమినియం ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీ పెరిగితే సుమారు 0.023 మిల్లీమీటరు సాగుతుంది. ఉక్కు అందులో దాదాపు సగం. గదంతా ఒకే వేడిలో ఉంటే వెర్నియర్ కూడా కొంత సాగుతుంది కాబట్టి మన పనికి పెద్ద నష్టం లేదు. ఇబ్బంది ఎక్కడంటే, కిటికీ పక్కన ఎండలో పెట్టిన 300 మిల్లీమీటర్ల పట్టీ వెర్నియర్ కంటే 20 డిగ్రీలు వేడిగా ఉందనుకో, అది 0.14 మిల్లీమీటరు పొడుగ్గా ఉంటుంది. డ్రిల్ చేసి తీసిన వెంటనే కొలిచినా ఇదే జరుగుతుంది. చేతికి వెచ్చగా తగిలే భాగాన్ని కొలవవద్దని మా పిల్లలకు చెబుతాను.

వ్యాఖ్యాత: త్రీడీ ప్రింటింగ్ చేసేవాళ్లు రంధ్రం చిన్నదిగా వచ్చిందని తరచూ అంటుంటారు.

అతిథి: ప్రింట్ చేసిన రంధ్రం గీసినదానికంటే కాస్త చిన్నదిగా రావడం సహజం. బేరింగ్ గూడు కోసం మొత్తం భాగాన్ని ప్రింట్ చేసి చూసుకునే బదులు, 22.0, 22.1, 22.2, 22.3 వ్యాసాలతో నాలుగు పలుచని ఉంగరాలు ప్రింట్ చేసి, ఏది చేతి ఒత్తిడితో దిగుతుందో చూడాలి. ఇక్కడ వెర్నియర్ కంటే బేరింగే మంచి కొలమానం. ఇంకో మాట, చాలా చిన్న రంధ్రాలను లోపలి దవడలతో కొలిస్తే అసలు కంటే తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే ఆ దవడల అంచులకు కొంత మందం ఉంటుంది. 3 మిల్లీమీటర్ల రంధ్రాన్ని డ్రిల్ బిట్ దూర్చి చూసుకోవడమే మేలు.

వ్యాఖ్యాత: ఇక విద్యుత్ వైపు వద్దాం. వోల్టులు, ఆంపియర్లు, ఓములు కొలిచే మల్టీమీటర్ లేని బృందం ఉండదు కదా.

అతిథి: ఉండదు, కానీ దాన్ని బీప్ శబ్దం కోసమే వాడతారు. వైరు తెగిందా లేదా అని బీప్ చెబుతుంది, అంతకుమించి చెప్పదు. చాలా మల్టీమీటర్లు కొన్ని పదుల ఓముల నిరోధం ఉన్నా బీప్ అంటాయి. సరిగ్గా క్రింప్ చేయని, అంటే వైరు మీద గట్టిగా నొక్కి బిగించని, కనెక్టర్‌లో 0.05 ఓము ఉందనుకో, అది బీప్‌కు దొరకదు, ఓముల రేంజిలో కూడా మీటరు నుంచి వచ్చే కొలత తీగల, అంటే ప్రోబ్ వైర్ల, సొంత నిరోధంలో కలిసిపోతుంది. కానీ దాని గుండా 20 ఆంపియర్లు ప్రవహిస్తే ఒక వోల్టు అక్కడే పోతుంది, 20 వాట్ల వేడి పుడుతుంది. బల్ల మీద వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుందని గుర్తు పెట్టుకుంటే ఆ కనెక్టర్ ఎందుకు కరిగిందో అర్థమవుతుంది. అందుకే మోటారు లోడు మీద తిరుగుతుండగా, మల్టీమీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి, కనెక్టర్‌కు ఒక ప్రోబ్ ఇటు, ఒక ప్రోబ్ అటు ఆనించి చూడాలి. పక్కనున్న మంచి కనెక్టర్‌లో ఎంత వచ్చిందో దానితో పోలిస్తే చెడ్డది వెంటనే బయటపడుతుంది.

వ్యాఖ్యాత: ప్రమాదాల మాట కూడా చెప్పండి మాస్టారూ.

అతిథి: ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల సాకెట్‌లోనే వదిలేసి, వోల్టేజి చూద్దామని బ్యాటరీకి ఆనిస్తే అది సూటిగా షార్ట్ సర్క్యూట్. చవక మీటర్లలో ఆ సాకెట్‌కు ఫ్యూజు కూడా ఉండదు, దాని పక్కనే అన్‌ఫ్యూజ్‌డ్ అని రాసి ఉంటుంది. కరెంటు కొలిచిన వ్యక్తే, వేరే పనిలోకి వెళ్లకముందే, ప్రోబును వోల్టేజి సాకెట్‌లోకి మార్చాలి. లైపో, అంటే లిథియం పాలిమర్, బ్యాటరీల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. మూడు సెల్స్ బ్యాటరీ మొత్తం మీద 11.4 వోల్టులు చూపితే దాదాపు సగం ఛార్జి ఉందని వదిలేస్తారు. కానీ అందులో రెండు సెల్స్ 4.1, ఒకటి 3.2 ఉన్నా మొత్తం 11.4 అవుతుంది. ఆ బలహీనమైన సెల్ పోటీ మధ్యలో కూలిపోతుంది, ఉబ్బుతుంది, మంట కూడా రావచ్చు. ఒక్కో సెల్ నుంచి తీగ వచ్చే చిన్న ప్లగ్, అంటే బ్యాలెన్స్ కనెక్టర్, దగ్గర ప్రతి సెల్‌నూ విడివిడిగా చూసి, బ్యాటరీ మీద అతికించిన కాగితం మీద తేదీతో రాయాలి. పిల్లల చేతులు, కళ్లు దాని దగ్గరే ఉంటాయమ్మా, ఈ ఒక్క విషయంలో నేను ఎవరినీ ఉపేక్షించను.

వ్యాఖ్యాత: వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ కొనమంటారా?

అతిథి: కొనవచ్చు, కానీ డీసీ కరెంటు కొలిచేదే కొనాలి. ఎలక్ట్రీషియన్లు వాడే చవక క్లాంప్ మీటర్లలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, బ్యాటరీ రోబో మీద అవి సున్నా చూపిస్తాయి.

వ్యాఖ్యాత: బరువు పరిమితి దాటి తనిఖీలో ఆగిపోయే బృందాలను కూడా చూస్తుంటాం.

అతిథి: దానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. సూట్‌కేసులు తూచే డిజిటల్ వేలాడే కాటా 50 కిలోల వరకు తూస్తుంది. దాన్ని నమ్మే ముందు ఖాళీ నీళ్ల క్యాన్‌ను వేలాడదీసి సున్నా చేసి, లీటరు సీసాతో కొలిచి 20 లీటర్లు పోసి, దాదాపు 20 కిలోలు చూపుతోందో లేదో చూసుకోవాలి. ఆ కాటాతో ఇంకో మంచి పని ఉంది. చెప్పిన కోణానికి తిరిగి నిలబడే సర్వో మోటారు డబ్బా మీద 20 కిలోల సెంటీమీటర్ అని రాసి ఉంటుంది. దాని చేతికి ఇరుసు నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో దారం కట్టి, కాటాను బల్లకు బిగించి, ఒక్క క్షణం లాగిస్తే, కాటా 1.4 కిలోలు చూపిందంటే దాని బలం 14 కిలోల సెంటీమీటర్ అన్నమాట. మోటారు వేడెక్కకముందే ఆపేయాలి. డబ్బా మీది అంకె తరచూ ఎక్కువ వోల్టేజి దగ్గరది, మన రోబోలో అందేది తక్కువ.

వ్యాఖ్యాత: అమెరికాలో పిల్లలను ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే రోబో పోటీకి పంపే తల్లిదండ్రులు కూడా మన శ్రోతల్లో ఉన్నారు. అక్కడ పరిమాణం కూడా చూస్తారు కదా.

అతిథి: ఆట మొదలయ్యేటప్పుడు రోబో 18 అంగుళాల ఘనంలో, అంటే వైపుకు 457.2 మిల్లీమీటర్లలో, ఇమడాలి. అక్కడ నేను ఏ డిజిటల్ పరికరమూ చెప్పను. ప్లైవుడ్‌తో లోపలి కొలత 457 ఉండే పెట్టె చేసుకుని రోబోను అందులో దించి చూడటమే సరైన కొలత, ఎందుకంటే బయటికి వేలాడే ఒక్క కేబుల్ టై కొసను కూడా అది వదలదు.

వ్యాఖ్యాత: లేజర్ మీటర్, కోణం కొలిచే యాంగిల్ గేజ్, తాకకుండా వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వంటివి?

అతిథి: లేజర్ దూరమాపకం మైదానం గీయడానికి బాగుంటుంది, భాగాలకు కాదు, అది ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. యాంగిల్ గేజ్ అడుగున అయస్కాంతం ఉంటుంది, అది అల్యూమినియానికి అతుక్కోదు కాబట్టి చేత్తో పట్టుకోవాలి. థర్మామీటర్ మెరిసే మోటారు ఒంటి మీద అసలు కంటే చాలా తక్కువ చూపిస్తుంది, మోటారు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద గురిపెట్టాలి.

వ్యాఖ్యాత: కొత్తగా మొదలుపెట్టే బృందం దగ్గర డబ్బు తక్కువే ఉంటే ఏం కొనాలి?

అతిథి: ఒక మంచి వెర్నియర్, 10 ఆంపియర్ల సాకెట్‌కు ఫ్యూజు ఉన్న ఒక మల్టీమీటర్, ఒక వేలాడే కాటా. చవక వెర్నియర్లు మూడు కొనే డబ్బుతో మంచిది ఒకటి కొనమంటాను. చవకవాటిలో కొన్ని తెర ఆరిపోయాక కూడా బటన్ సెల్‌ను తింటూనే ఉంటాయి, కాబట్టి సెలవులకు వెళ్లేటప్పుడు సెల్ తీసి డబ్బాలో పెట్టాలి. అదే డబ్బాలో ఒక కొత్త 608 బేరింగ్, కాస్త నూనె రాసి, చిన్న కవరులో ఉంచాలి. రోబోకు బేరింగ్ తక్కువైందని ఎవరు అడిగినా దాన్ని మాత్రం ఇవ్వవద్దు, రోబో కోసం ఇంకోటి కొనుక్కోండి.