పరుగెత్తని ‘రన్’

హోస్ట్: ఈ ఎపిసోడ్ అంతా ఒక్క మాట మీదే. రన్. చిన్నప్పుడే నేర్పేస్తారు, రన్ అంటే పరుగెత్తడం అని.

మేడమ్: తంటా అంతా అక్కడే మొదలవుతుందండీ. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 కూర్పులో అన్నిటికన్నా పొడవైన పద్దు ‘సెట్’ది. ఆ తర్వాతి సవరణలో రన్ దాన్ని దాటేసింది. క్రియగానే 645 అర్థాలు.

హోస్ట్: అన్నీ బట్టీ పట్టాలా?

మేడమ్: అబ్బే! రన్ కనిపిస్తే ముందు కర్త ఎవరో చూడండి. మనిషో జంతువో కాకపోతే పరుగు సంగతి మర్చిపోవచ్చు. ఇంగ్లిష్‌లో పరుగెత్తేవి చాలావరకు తెలుగులో నడుస్తాయి. ఇంజన్ నడుస్తుంది, బస్సు నడుస్తుంది, కొట్టు నడుస్తుంది. నాటకమైతే ఆడుతుంది. కుళాయి, ముక్కు కారతాయి. ఎన్నికల్లో పోటీ చేయడమూ రన్నే, కానీ అది అమెరికా వాడుక. బ్రిటన్‌లో స్టాండ్ అంటారు.

హోస్ట్: అక్కడ పరుగు, ఇక్కడ నిలబడటం! సరే, రన్ అవుట్ అనగానే మనకి క్రికెట్టే గుర్తొస్తుంది.

మేడమ్: దానికి ‘ఆఫ్’ తగిలిస్తే క్రికెట్ పోయి, సరుకు నిండుకోవడం అవుతుంది. కర్త మనిషైతే ‘ఆఫ్’ తప్పనిసరి: ‘వుయ్ ర్యాన్ అవుట్ ఆఫ్ షుగర్’. కర్త చక్కెరే అయితే ‘ఆఫ్’ ఉండదు: ‘ది షుగర్ ర్యాన్ అవుట్’. ఈ రెండూ కలిపేసి ‘వుయ్ ర్యాన్ అవుట్ షుగర్’ అనేస్తుంటారు. అది తప్పు.

హోస్ట్: రన్ ఇంటు, రన్ ఓవర్?

మేడమ్: వీటితో కాస్త జాగ్రత్త. ‘ఐ ర్యాన్ ఇంటు యువర్ ఫాదర్’ అంటే మీ నాన్నగారు అనుకోకుండా కనిపించారని. ‘ఇంటు’ బదులు ‘ఓవర్’ పడిందో, ఆయన మీదుగా బండి పోనిచ్చానని!

హోస్ట్: అమ్మో! గోడ ఉంటే?

మేడమ్: ‘రన్ ఇంటు ఎ వాల్’ అంటే గుద్దుకోవడమే. గోడతో పలకరింపులుండవుగా.

హోస్ట్: రన్ తర్వాత విశేషణం వస్తే?

మేడమ్: అప్పుడు ‘అయిపోవడం’. బావి ‘రన్ డ్రై’ అంటే ఎండిపోయింది. దాన్ని ‘డ్రైలీ’ చేయకండి. ‘రన్నింగ్ లేట్’ అంటే ఆలస్యమవుతోందని, ఆలస్యంగా పరుగెడుతున్నారని కాదు. ఇంకోటి, ‘హ్యావ్’ తర్వాత ‘ర్యాన్’ రాదు. ‘హ్యావ్ రన్’ అనే అనాలి.