ఫోన్-ఇన్: లేజర్ ప్రింటర్‌కు ఏ కాగితం వాడాలి?

నిర్వాహకురాలు: మొదటి ఫోను తీసుకుందాం. ఎక్కడి నుంచండీ?

శ్రోత: సోంపేట అమ్మా. బస్టాండు ఎదురుగా జిరాక్స్ కొట్టు. మా మామయ్య పెట్టినది, ఆయనకు మోకాళ్ల నొప్పులు రావడంతో నేను చూసుకుంటున్నాను. అప్పట్లో...

నిర్వాహకురాలు: ప్రశ్న అడగండి.

శ్రోత: అదేనమ్మా. వానలు మొదలైతే చాలు, కాగితం ఇరుక్కుంటోంది. ఒక్కోసారి రెండు మూడు కలిసి లోపలికి పోతున్నాయి. మెకానిక్ రబ్బరు రోలర్ మార్చాడు. పదిహేను రోజులు బాగుంది, మళ్లీ మామూలే. మిషను మార్చేయమంటారా సార్?

నిపుణుడు: ఉండండి. విప్పిన కాగితం కట్ట ఎక్కడ పెడతారు?

శ్రోత: బల్ల కింద, గచ్చు మీద.

నిపుణుడు: చూశారా! సముద్రపు గాలి, పైగా వానాకాలపు గచ్చు. కాగితం తేమ పీల్చుకుంటుంది బాబూ. టోనర్ అంటే సిరా కాదు, ప్లాస్టిక్ కలిసిన పొడి. దాన్ని కరిగించి కాగితానికి అతికించే రోలర్ సుమారు 200 డిగ్రీల వేడి మీద ఉంటుంది. చెమ్మ కాగితం అక్కడికి వెళ్తే వేయించిన అప్పడంలా వంకర తిరుగుతుంది. ఇక ఇరుక్కోక ఏం చేస్తుంది? కట్ట చుట్టూ వచ్చే కవరు తేమను ఆపడానికే. దాన్ని చించి పారేయకండి. మిగిలిన కాగితం అందులోనే చుట్టి అలమరలో పెట్టండి. గచ్చు మీద మాత్రం వద్దు.

శ్రోత: పోనీ, 100 జీఎస్ఎమ్ కాగితం కొంటే?

నిపుణుడు: అక్కరలేదు, 75 గానీ 80 గానీ చాలు. చదరపు మీటరు కాగితం అన్ని గ్రాములు తూగుతుందని ఆ అంకెకు అర్థం. 75 అని రాసి ఉన్న ఏ4 కట్టలో 500 కాగితాలుంటే 2,340 గ్రాములు ఉండాలి. విప్పని కట్టను పక్క కిరాణా కొట్టులో తూయించండి.

శ్రోత: మంచిది సార్. ఇంతకీ మిషను మార్చమంటారా?

నిపుణుడు: ముందు కాగితం మార్చండి నాయనా!

నిర్వాహకురాలు: ధన్యవాదాలు. తర్వాత రాజాం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: పిల్లల ప్రశంసా పత్రాలకు మెరిసే ఫొటో కాగితం కొన్నానండి. ఇంకుజెట్ అని రాసి ఉంది...

నిపుణుడు: లేజర్‌లో పెట్టకండమ్మా! ఆ పూత వేడికి కరిగి రోలర్‌కు అంటుకుంటుంది. కాగితం పోతే పది రూపాయలు, రోలర్ పోతే వేలు. లేజర్‌కు పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి. సగం స్టిక్కర్లు ఊడదీసిన షీటు కూడా మళ్లీ పెట్టకండి.

నిర్వాహకురాలు: విజయనగరం నుంచి మరొకరు.

శ్రోత: నేను దస్తావేజు లేఖరినండి. స్టాంపు పేపరు మడిచిన చోట అక్షరాలు రాలిపోతున్నాయి.

నిపుణుడు: మందం కాగితానికి వేడి చాలడం లేదు. ప్రింటు ఇచ్చే ముందు కంప్యూటర్‌లో కాగితం రకం దగ్గర మందమైనదని ఎంచుకోండి. చేత్తో పెట్టే ట్రేలోంచి ఒక్కొక్కటే ఇవ్వండి. ఆ స్టాంపు పేపర్లు కూడా గచ్చు మీద...

నిర్వాహకురాలు: లైను తెగిపోయింది. మరో ఫోను. హలో?

శ్రోత: సోంపేట నుంచే అమ్మా, ఇందాకటి వాడినే. తూయించాను. కవరుతో కలిపి 2,100.

నిపుణుడు: 75 అని రాసి ఉందా?

శ్రోత: పెద్ద అక్షరాలతో సార్.

నిపుణుడు: అది 70 కూడా లేదు. కొన్నచోటే తిరిగి ఇచ్చేయండి.

శ్రోత: అలాగే సార్. అయితే మిషను...

నిర్వాహకురాలు: ధన్యవాదాలండీ. తర్వాత చీపురుపల్లి నుంచి.