పాత సీజెడ్ 75ని సింగిల్ యాక్షన్‌గా మార్చాలా, సింగిల్ యాక్షన్‌దే వెతుక్కోవాలా?

అందరికీ నమస్కారం. టేబుల్ మీద కనిపిస్తున్నది సీజెడ్ 75 అనే పిస్టల్. మాటల్లోకి దిగే ముందు ఒక్క నిమిషం ఇటు చూడండి. తూటాలుండే మ్యాగజైన్ తీసేశాను, పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్‌ని వెనక్కి లాగి లాక్ చేశాను, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉంది, కంటితో చూడటమే కాదు, చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూస్తున్నాను. ఈ గదిలో ఒక్క నిజం తూటా లేదు, అన్నీ పక్క గదిలో తాళం వేసి ఉన్నాయి. మీరు కూడా తుపాకీ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ, ఐదు నిమిషాల క్రితమే చూసినా సరే, ఇది మళ్ళీ చేయాల్సిందే.

ఇక్కడ డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌కి వస్తున్నారు, వాళ్ళలో కొందరు పాత సీజెడ్ కొనుక్కుని నన్ను అడిగేది ఒకటే, దీన్ని సింగిల్ యాక్షన్‌గా మార్చుకోవచ్చా అని. మార్చుకోవచ్చు. కానీ నా మాట వింటే ముందు సింగిల్ యాక్షన్‌దే వెతకండి, దొరకకపోతేనే మార్పు సంగతి ఆలోచించండి. ఎందుకో చూపిస్తాను.

వెనకాల ఉన్న ఈ హ్యామర్‌ని మన పాతవాళ్ళు తుపాకి గుర్రం అనేవాళ్ళు. ఇప్పుడది కిందికి దిగి ఉంది. చాంబర్‌లో డమ్మీ తూటా పెట్టాను, ఎందుకంటే ఈ మోడల్‌ని ఉత్తినే కాలుస్తూ పోతే ఫైరింగ్ పిన్‌ని, అంటే తూటాని వెనక నుంచి కొట్టే మొనని, పట్టి ఉంచే చిన్న పిన్ను విరిగే అవకాశం ఉంది. తుపాకీని గోడకు ఆనించిన ఇసుక బస్తా వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కుతున్నాను, మెల్లగా, హ్యామర్ వైపే చూడండి. నా వేలు వెనక్కి వస్తున్నకొద్దీ హ్యామర్ లేస్తోంది, ఇంకా లేస్తోంది, చివరికి వదిలేసింది. ఎత్తడం, వదలడం, రెండు పనులూ ట్రిగ్గరే చేసింది కాబట్టి ఇది డబుల్ యాక్షన్. బావిలోంచి నిండు చేద తోడుతున్నట్టు ఉంటుంది, బరువంతా వేలి మీదే. ఇప్పుడు హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగి నిలబెట్టాను, చూడండి, ట్రిగ్గర్ దానంతటదే సగం దూరం వెనక్కి వచ్చేసింది. ఇక కొంచెం నొక్కితే చాలు, టక్కున పడింది. చేద అప్పటికే పైకొచ్చి గట్టు మీద ఉంది, అందుకోవడమే మన పని. ఇది సింగిల్ యాక్షన్. గురి కుదరాలంటే తేడా అంతా ఇక్కడే, బరువైన ట్రిగ్గర్ లాగేటప్పుడు చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే గుండు పక్కకి పోతుంది.

కాల్చిన తర్వాత స్లైడ్ వెనక్కి వెళ్తూ హ్యామర్‌ని తనే ఎత్తి పెడుతుంది కాబట్టి రెండో గుండు నుంచి ఈ పిస్టల్ ఎలాగూ సింగిల్ యాక్షనే. గొడవంతా మొదటి గుండుతోనే. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, ఈ మొదటి గుండుకి కూడా సీజెడ్ వాళ్ళు దారి పెట్టే ఇచ్చారు. హ్యామర్ ఎత్తి ఉండగానే ఈ పక్కనున్న సేఫ్టీ పైకి వేసుకోవచ్చు, సేఫ్టీ దించి ట్రిగ్గర్ నొక్కితే మొదటి గుండు కూడా తేలిక ట్రిగ్గర్‌తోనే వెళ్తుంది. అంటే మీ చేతిలో ఉన్నది మామూలు సీజెడ్ 75 అయితే, ఏ మార్పూ చేయకుండానే దాన్ని సింగిల్ యాక్షన్‌లా వాడుకోవచ్చు. పైగా ఈ మోడల్‌కి డీకాకర్, అంటే గుండు పేలకుండా హ్యామర్‌ని దించే మీట, లేదు. డబుల్ యాక్షన్‌తో మొదలుపెట్టాలంటే నిజం తూటా చాంబర్‌లో ఉండగా ట్రిగ్గర్ నొక్కి హ్యామర్‌ని బొటనవేలితో మెల్లగా దించాలి, వేలు జారితే గుండు పేలుతుంది. నాకు ఆ పని అస్సలు ఇష్టం లేదు, కొత్తవాళ్ళనైతే చేయనివ్వను కూడా. అదే బీడీ అనే మోడల్‌లో సేఫ్టీ బదులు డీకాకర్ ఉంటుంది, అందులో ఇప్పుడు చెప్పిన పద్ధతి కుదరదు, కొనేటప్పుడు ఆ రెండు అక్షరాలు చూసుకోండి.

ఈ పిస్టల్ పుట్టింది 1970లలో, అప్పటి చెకోస్లొవేకియాలోని ఉహెర్‌స్కీ బ్రోడ్‌లో, కౌట్స్కీ సోదరుల డిజైన్. ఇటు రండి, స్లైడ్ దగ్గరగా చూపిస్తాను. చాలా పిస్టళ్ళలో స్లైడ్ ఫ్రేమ్‌ని బయటి నుంచి పట్టుకుని జరుగుతుంది, ఇందులో ఫ్రేమ్ లోపలి గాడిలో జరుగుతుంది. అందుకే స్లైడ్ ఇంత సన్నగా, చేతికి దగ్గరగా ఉంటుంది, అందుకే వెనక్కి లాగేటప్పుడు పట్టుకోవడానికి చోటూ తక్కువే. పేటెంట్లు దేశం లోపలే రహస్యంగా పెట్టుకోవడంతో బయట దేశాల్లో దీనికి రక్షణ లేకుండా పోయింది, ఇటలీలో టాన్‌ఫోలియో మొదలుకుని చాలామంది ఇదే డిజైన్ తీసుకుని తయారుచేసుకున్నారు. వాటిలో కూడా సింగిల్ యాక్షన్‌వి ఉన్నాయి, కానీ భాగాలన్నీ ఒకదానికొకటి సరిపోతాయని అనుకోకండి.

సరే, వెతకడం సంగతి. సీజెడ్ వాళ్ళే 75 బి ఎస్ఏ అని ఫ్యాక్టరీలోనే సింగిల్ యాక్షన్‌గా చేసిన మోడల్ తెచ్చారు. గుర్తుపట్టడం తేలిక, మామూలు దానికి ట్రిగ్గర్ వంపు తిరిగి ఉంటుంది, దీనికి నిటారుగా ఉంటుంది, సేఫ్టీ మీట రెండు పక్కలా ఉంటుంది. అనుమానంగా ఉంటే ఖాళీ తుపాకీలో హ్యామర్ దించి ట్రిగ్గర్ లాగండి, హ్యామర్ కదలకపోతే అది సింగిల్ యాక్షన్. సీజెడే కావాలన్న పట్టుదల లేకపోతే పుట్టుకతోనే సింగిల్ యాక్షన్ అయిన క్లాసిక్‌లు ఉన్నాయి, కోల్ట్ 1911 ఉంది, స్విట్జర్లాండ్‌వాళ్ళ సిగ్ పీ210 ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైన బ్రౌనింగ్ హైపవర్ ఉంది. జాన్ బ్రౌనింగ్ 1926లో చనిపోయాక బెల్జియంలో డ్యుడోనే సెవ్ పూర్తిచేసి 1935లో బయటికి తెచ్చిన తుపాకీ అది. మన దేశంలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో సైన్యం కోసం చేసిన 9 మిల్లీమీటర్ల పిస్టల్ 1ఏ కూడా ఆ హైపవర్ వంశమే. ఇంట్లో ఎవరైనా ఆర్మీలో పనిచేసి ఉంటే అడిగి చూడండి, దాని పట్టు గురించి చెప్తారు.

పాతది కొనేటప్పుడు మాత్రం తొందరపడకండి. నాకు జరిగింది చెప్తాను. కొన్నేళ్ళ క్రితం ఒకాయన దగ్గర పాత సీజెడ్ కొన్నాను, ట్రిగ్గర్ వెన్నలా ఉంది, నొక్కీ నొక్కకముందే పడిపోతోంది, ఎంత బాగుందో అని మురిసిపోయి డబ్బులిచ్చేశాను. ఇంటికొచ్చి తీరిగ్గా, ఖాళీ తుపాకీతోనే, హ్యామర్ ఎత్తి సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కాను, ఏమీ కాలేదు. వేలు తీసేసి సేఫ్టీ దించాను. హ్యామర్ టప్పున పడింది. ట్రిగ్గర్ మీద వేలే లేదు! లోపల తూటా ఉండి ఉంటే పేలేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తే సియర్ బయటికి తీసి భూతద్దంలో చూపించాడు. హ్యామర్‌ని ఆపి పట్టుకునే చిన్న ముక్క అది, దాని అంచు పదునుగా, చదునుగా ఉండాలి, ఎవరో ఇంట్లో కూర్చుని ఆకురాయితో రాసి గుండ్రంగా చేసేశారు. వెన్నలా ఉన్న ట్రిగ్గర్ వెనక కథ అది.

అందుకని నేను కొనే ముందు ఇప్పుడు చూపించేవన్నీ అమ్మేవాళ్ళ ముందే, వాళ్ళ అనుమతి తీసుకుని, ఖాళీ తుపాకీతో చేస్తాను. హ్యామర్ ఎత్తి వెనక నుంచి బొటనవేలితో గట్టిగా ముందుకు తోస్తాను, ఇలా, పడకూడదు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి, వేలు తీసి, సేఫ్టీ దించుతాను, పడకూడదు. స్లైడ్ వెనక్కి లాగి దానంతట దాన్నే కొట్టుకోనిస్తాను, ఆ దెబ్బకి కూడా హ్యామర్ నిలబడే ఉండాలి. ఒక్కదాంట్లో తేడా వచ్చినా, ధర ఎంత తగ్గించినా, వదిలేసి వచ్చేస్తాను.

ఇవన్నీ చూశాక కూడా మార్పే కావాలంటారా, అయితే అది ఏమిటో అర్థం చేసుకుని వెళ్ళండి. డబుల్ యాక్షన్‌లో హ్యామర్‌ని ఎత్తే భాగం ఒకటి ఉంటుంది, అది అవసరం లేని హ్యామర్, నిటారు ట్రిగ్గర్ వేస్తారు. పోటీల్లో కాల్చేవాళ్ళ కోసం ఈ భాగాలు అమెరికాలో విడిగా దొరుకుతాయి. వినడానికి రెండు ముక్కలు మార్చడమే. కానీ కొత్త హ్యామర్‌కీ పాత సియర్‌కీ అంచులు కలవాలి, ఆ తర్వాత సేఫ్టీ ఆ కొత్త జతకి తగ్గట్టు కూర్చోవాలి, నాకు జరిగిన ప్రమాదం సరిగ్గా ఆ చోటే ఉంది. అందుకే ఈ వీడియోలో విప్పి చూపించడం లేదు, లైసెన్సున్న గన్‌స్మిత్‌కే ఇవ్వండి, పని అయ్యాక ఆ పరీక్షలన్నీ మీ ముందు చేయించుకుని తీసుకోండి. పేరు చివర బి లేని పాత మోడల్, అంటే ట్రిగ్గర్ నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్‌ని కదలనివ్వని ఫైరింగ్ పిన్ బ్లాక్ రాకముందుది, మీ దగ్గర ఉంటే దయచేసి దాని జోలికి పోకండి. అసలు రూపంలో ఉంటేనే సేకరించేవాళ్ళ దగ్గర దానికి విలువ, అలాంటివి మళ్ళీ తయారు కావు.

చట్టం సంగతి కూడా చెప్పాలి, మనవాళ్ళలో ఇక్కడే ఎక్కువ అయోమయం. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనడానికే కాదు, దగ్గర ఉంచుకోవడానికి కూడా మామూలుగా అనుమతి లేదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, లాయర్‌ని అడక్కుండా వాటిని నమ్ముకోకండి, ఇమ్మిగ్రేషన్ మీదికి వస్తుంది. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు డీలర్ దగ్గర 4473 ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక కొనుక్కోవచ్చు, పిస్టల్‌కి 21 ఏళ్ళు నిండాలి, ఆపైన రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి. ఆంధ్రా, తెలంగాణల నుంచి చూస్తున్నవాళ్ళకి ఒక మాట. ఇండియాలో 9 మిల్లీమీటర్ల పిస్టల్ నిషేధిత బోర్ (గొట్టం కొలత) కిందికి వస్తుంది, లైసెన్సు తుపాకీ ఉన్నా దాన్ని మార్చడం, రిపేర్ చేయడం ఆయుధాల చట్టం కింద లైసెన్సున్నవాళ్ళే చేయాలి. అక్కడ ఎవరూ చెయ్యి పెట్టకండి.

ఈ టేబుల్ మీదున్నది ఆ వెన్నలాంటి ట్రిగ్గర్ తుపాకీయే. హ్యామర్, సియర్ రెండూ ఫ్యాక్టరీవి కొత్తగా వేయించాను, డబుల్ యాక్షన్ అలాగే ఉంచేశాను. రేంజ్‌లో హ్యామర్ ఎత్తి, సేఫ్టీ వేసి మొదలుపెడతాను, అంతే. అరగదీసిన ఆ పాత సియర్ ఇదిగో, ఈ చిన్న కవర్లో ఉంది, కెమెరా దగ్గరికి తెస్తున్నాను, అంచు దగ్గర వెలుగు ఎలా గుండ్రంగా తిరుగుతోందో చూడండి. పక్కన పెట్టింది కొత్తది, దీని అంచు మీద వెలుగు గీత గీసినట్టు నిలబడింది.